జ్వరం ఒక్కటే ఒప్పు

సంచిలో అన్నిటికంటే అడుగున మాగాయ సీసా పెట్టింది ఎస్తేరు రాణి. మూతకి పాత చీర ముక్క చుట్టి పురికొసతో రెండు ముళ్ళు వేసింది. దాని పక్కన రెండు జతల మేజోళ్ళు, మామిడి తాండ్ర పొట్లం, వాళ్ళమ్మ చదువుకున్న పాటల పుస్తకం. అన్నిటి మీదా ఒక తువ్వాలు. సంచి మా రికార్డు రూములో, పాత కాలవ పటాల బీరువా పక్కన బెంచీ మీద ఉంది. ఆ రోజు సోమవారం, 1983 అక్టోబరు పది.

ఎవరైనా సంచి సర్దుతుంటే నేను పక్కనుంచి కదలను. మా ఆయన గొడుగు బాగు చేయించుకొస్తానని సంచి కూడా లేకుండా వెళ్ళి రాలేదు, 1961లో. మా చెల్లెలు రేవు దాటి పురిటికి వెళ్ళి రాలేదు, 1964లో. అప్పటినుంచి నాకో అలవాటు. వెళ్ళేవాళ్ళు చూడకుండా వాళ్ళ సంచిలోంచి ఒక వస్తువు తీసి దాచుకుంటాను. దానికోసమైనా తిరిగి వస్తారని.

"పిన్నిగారూ, తాండ్ర పొట్లం ఏదండీ?" అంది రాణి.

"నాకేం తెలుసమ్మా."

"మీ కొంగులో ఉందండి."

"పోనీ, మేజోడు ఒకటి ఉంచుకోనా?"

"ఒంటి మేజోడు పెట్టుకుని మా అన్న ఓడలో కుంటుతాడేంటండీ!" అని నవ్వి, తాండ్రలో సగం విరిచి నా చేతిలో పెట్టింది. "ఇది మీకు. దాచకండి, తినండి."

మాది కాలవల మట్టాల కార్యాలయం. కాలవల్లో నీళ్ళు ఏ రోజు ఎంత ఎత్తున పారుతున్నాయో లాకుల దగ్గర తలుపులు ఎత్తి దించే లస్కర్లు చూసి చెబితే, మేము పుస్తకాల్లో ఎక్కించి హైదరాబాదు పంపుతాం. మొత్తం నలభై మందిమి. నేను రికార్డు రూము అటెండరుని. బడికి వెళ్ళలేదు గాని, ఫైళ్ళ అట్టలు చూసి చూసి తెలుగూ, ఆ తర్వాత ఇంగ్లీషూ కూడబలుక్కున్నాను. రాణి టైపిస్టు. మిషన్ హాస్టల్లో దొరసానమ్మల దగ్గర చదివింది. మా ఆఫీసులో ఇంగ్లీషు తడుముకోకుండా మాట్లాడేది ఆమె ఒక్కతే. అందుకే ఆమె ఇంగ్లీషు ఎవరికీ నచ్చేది కాదు.

ఆమె అన్న దావీదు సరుకు ఓడలో ఇంజను పని చేసేవాడు. ఆరేళ్ళుగా ఊరు రాలేదు. రెండేళ్ళ కింద వాళ్ళమ్మ పోయినప్పుడు అతను ఏ సముద్రం మీద ఉన్నాడో తెలియదు. చివరి గంటలో ఆమె రాణి చెవిలో ఒక మాట చెప్పింది, అన్నకి చెప్పమని. ఉత్తరంలో రాయడానికి రాణికి చెయ్యి రాలేదు. ఇప్పుడు ఆ ఓడ విశాఖ రేవుకి వచ్చింది. అతనికి ఊరు రావడానికి సెలవు లేదు. ఓడ శుక్రవారం పొద్దున్న కదిలిపోతుంది. ఆలోగా ఈమే వెళ్ళాలి.

వెళ్ళడానికి సెలవు కావాలి. సెలవుకి ఉత్తరం కావాలి. ఉత్తరం దగ్గరే వచ్చింది చిక్కు.

ఆగస్టులో మేము హైదరాబాదు పంపిన ఒక ఉత్తరం తిరిగి వచ్చింది. అందులో కాలవ మట్టం ఐదున్నర అడుగులని రాసిన వాక్యం పక్కన ఎర్ర పెన్సిలుతో ప్రశ్నార్థకం గుర్తు పెట్టి ఉంది. ఇంకేమీ లేదు. ఆ గుర్తు నీళ్ళ లెక్క మీదో, వాక్యం మీదో తెలియలేదు. నీళ్ళ లెక్క మీద అయ్యుంటుందని పైకి అనే ధైర్యం ఎవరికీ లేకపోయింది. కనుక ఇంగ్లీషు మీదేనని మా ఇంజనీరు చెరుకువాడ నృసింహమూర్తి గారు తీర్మానించారు. మర్నాడే నోటీసు బోర్డు మీద ఉత్తర్వు వెలిసింది.

"ఇందుమూలముగా యావన్మంది సిబ్బందికి తెలియజేయునదేమనగా, ఈ కార్యాలయమున వ్రాయబడు ప్రతి ఆంగ్ల లేఖయు, సెలవు చీటీలతో సహా, ఆంగ్ల శ్రవణ సంఘము విని ఆమోదించిన పిమ్మట మాత్రమే చెల్లును."

వ్యాకరణం పుస్తకం తెప్పిద్దామా అని హెడ్ క్లర్కు పాలకోడేటి సూర్యప్రకాశం గారు అడిగారు.

"వ్యాకరణము పండితులకు. కార్యాలయమునకు చెవి చాలును," అన్నారు ఇంజనీరు గారు.

సంఘంలో ముగ్గురు. ఇంజనీరు గారు, సూర్యప్రకాశం గారు, పటాలు గీసే సత్తిరాజు గారు. ముగ్గురూ పెద్దాసుపత్రికి వెళ్ళి చెవులు కడిగించుకుని సర్టిఫికెట్లు తెచ్చుకున్నారు. సూర్యప్రకాశం గారి ఎడమ చెవి కొంచెం మందమని అందులో ఉంది. కాబట్టి ఆయన ఎప్పుడూ గోడ వైపు ఎడమ చెవి పెట్టి కూర్చోవాలని మరో ఉత్తర్వు. ముగ్గురూ ఉంటేనే వినికిడి చెల్లుతుందని ఇంకో ఉత్తర్వు.

వినికిడికి ఒక రిజిస్టరు పెట్టారు. నాలుగు గళ్ళు నేనే గీశాను. ఒప్పు, వినడానికీ ఒప్పు. ఒప్పు, వినడానికి తప్పు. తప్పు, వినడానికి ఒప్పు. తప్పు, వినడానికీ తప్పు. రాణి ఉత్తరం చదవాలి, ఒకసారి మెల్లిగా, ఒకసారి గబగబా. ముగ్గురూ కళ్ళు మూసుకుని వినాలి.

మొదటి వారం పదిహేడు చీటీలు విన్నారు. పదిహేడూ పోయాయి. లస్కరు పల్లయ్య మేనకోడలి పెళ్ళని రాయించుకొచ్చాడు.

"తప్పు దొరకలేదు గానండి, వినడానికి బాలేదండి," అన్నారు సూర్యప్రకాశం గారు.

"పెళ్ళికి ఎల్తన్నానని చెప్పడానికి బాగుండటమేంటండి బాబూ? మేళం పెట్టి చదివించమంటారా?" అన్నాడు పల్లయ్య.

"ఈ కార్యాలయమున మేనకోడలను ఆంగ్లమున ఇదివరకు వినియుండలేదు," అన్నారు ఇంజనీరు గారు. "విననిది చెవికి కొత్త. చెవికి కొత్తయినది అనుమానాస్పదము. అనుమానాస్పదమైనది చెల్లదు."

అప్పుడు సత్తిరాజు గారు గోడ వంక చూశారు. ముగ్గురూ చూశారు. అక్కడ చట్రం కట్టిన ఉత్తరం ఒకటి ఉంది. 1951 నాటిది. జ్వరంతో బాధపడుతున్నాను, రెండు రోజులు సెలవు దయచేయండి అని ఒక గుమస్తా రాసిన చీటీ. "యాజ్ ఐ యామ్ సఫరింగ్ ఫ్రం ఫీవర్" అని మొదలవుతుంది. అప్పటి దొరగారు దాని మీద 'గుడ్' అని రాశారట. అందుకని చట్రం కట్టారు. ముప్ఫై రెండేళ్ళుగా, ఇంగ్లీషు రానివాళ్ళు సెలవు కావలసినప్పుడల్లా బల్లెక్కి దాన్ని చూసి రాసుకునేవాళ్ళు. రాణి దాన్ని చదివింది. మెల్లిగా ఒకసారి, గబగబా ఒకసారి.

ముగ్గురి మొహాలూ విచ్చుకున్నాయి.

"ఆహా," అన్నారు ఇంజనీరు గారు. "ఎచ్చటను గీసుకొనలేదు."

రిజిస్టరులో మొదటి గడి అప్పుడు తెరుచుకుంది. మళ్ళీ అందులో ఇంకో వాక్యం పడలేదు.

ఆ చీటీ రాసిన గుమస్తా నిజంగానే జ్వరంతో వెళ్ళాడు. రెండో రోజు పోయాడు. ఆ సంగతి గోడ మీద లేదు. రికార్డు రూములో ఉంది.

అప్పటినుంచి మా ఆఫీసులో జ్వరాలు మొదలయ్యాయి. పల్లయ్య జ్వరంతో మేనకోడలి పెళ్ళికి వెళ్ళి పులిహోర తెచ్చాడు. స్టోరు గుమస్తా జ్వరంతో ఇల్లు మారాడు. ఇద్దరు జ్వరంతో సినిమాకి వెళ్ళి అక్కడ కలుసుకుని, ఎలా ఉంది మీకు అంటే మీకెలా ఉంది అని పలకరించుకున్నారట. సత్తిరాజు గారు సంఘం సభ్యులయ్యుండీ జ్వరం రాసి, తిరుపతి మొక్కు తీర్చుకోవడానికి వెళ్ళారు. సభ్యుడి చీటీ కనుక మళ్ళీ వినాలన్నారు; తన చీటీ తాను వినకూడదు కాబట్టి, రాణి చదివేటప్పుడు మాత్రం ఆయన చెవుల్లో దూది పెట్టుకున్నారు.

రాణి చీటీ మూడో తేదీనే విన్నారు, సత్తిరాజు గారు ఉండగానే. అందులో రెండే వాక్యాలు. మా అన్న ఓడ పద్నాలుగో తేదీ శుక్రవారం వెళ్ళిపోతుంది. అది వెళ్ళేలోగా నేను అతన్ని చూడాలి. "మై బ్రదర్స్ షిప్ లీవ్స్ ఆన్ ఫ్రైడే, ది ఫోర్టీన్త్" అని చదవగానే సూర్యప్రకాశం గారు చెయ్యి ఎత్తారు.

"అమ్మాయ్, శుక్రవారం ఇంకా రాలేదు కదా?"

"రాలేదండి."

"ఓడ ఇంకా వెళ్ళలేదు కదా?"

"వెళ్ళలేదండి. అందుకే సెలవు అడుగుతున్నానండి."

"మరి వెళ్ళనిదాన్ని వెళ్తుందని రోజూ జరిగేదానిలా అంటే ఎలాగమ్మా? చెవికి అప్పుడే వెళ్ళిపోయినట్టు ఉంది."

"ఇంగ్లీషువాళ్ళు అలాగే అంటారండి. తప్పు కాదండి."

"తప్పని నేననలేదు," అన్నారు ఇంజనీరు గారు. "ఒప్పే అయియుండవచ్చును. అయితే ఇది కాలవల కార్యాలయము. ఇచ్చట పడవ వినబడినది, బల్లకట్టు వినబడినది. ఓడ వినబడలేదు. తదుపరి ఉత్తర్వులు వెలువడునంతవరకు పరిశీలనలో ఉంచవలెను."

అలా ఏ గడిలోనూ పడకుండా ఆ చీటీ ఉండిపోయింది. రోజూ వెళ్ళి అడిగేది. పరిశీలనలో ఉన్నది అనేవారు. అందరూ ఆమెని జ్వరం రాయమన్నారు. ఆమె రాయదు. అబద్ధం సంగతి అలా ఉంచినా, రేవులోకి వెళ్ళాలంటే గేటు దగ్గర ఆఫీసు సెలవు చీటీ చూపించాలట. జ్వరం ఉన్నవాళ్ళని ఓడ దరిదాపులకి రానివ్వరట.

ఆ సోమవారం మధ్యాహ్నం నేను ఊరుకోలేకపోయాను.

"రాణీ, నా మాట విను. జ్వరం రాసెయ్. సాయంత్రం ఆరింటి బస్సెక్కు. గేటు దగ్గర ఏడుస్తావో, కాళ్ళు పట్టుకుంటావో. ఇక్కడ కూచుంటే ఏమొస్తుంది? కనీసం ఒడ్డున నుంచునైనా చూస్తావు."

"చెప్పాల్సింది చెవిలో చెప్పాలి పిన్నిగారూ. ఒడ్డున నుంచుని అరిచేది కాదండి."

"ముందు ఊరు చేరు తల్లీ."

ఆమె టైపు మిషనులో కాగితం ఎక్కించింది. తర్వాత జ్వరం చీటీ కొట్టింది. గోడ వంక చూడనక్కర్లేకపోయింది, అందరికీ కొట్టి కొట్టి నోటికి వచ్చేసింది. దాన్ని నేనే తీసుకెళ్ళి ట్రేలో పెట్టాను. ఇదివరకే విన్న వాక్యం కాబట్టి మళ్ళీ వినకుండానే మూడింటికి సంతకం అయిపోయింది.

నాకు తెలియనిది ఒకటుంది. ఆఫీసుల్లో జ్వరం సెలవు ఇచ్చినప్పుడల్లా జిల్లా ఆరోగ్య శాఖకి ఒక నకలు వెళ్తుంది. నెల తిరక్కుండా ఒక ఆఫీసులో సగంమందికి జ్వరం వస్తే తలుపులు మూసెయ్యాలని వాళ్ళకో నియమం ఉంది. నలభైలో సగం ఇరవై. రాణిది ఇరవయ్యో చీటీ.

ఐదింటికి పావుగంట ఉందనగా జీపు వచ్చింది. డాక్టరు ఉమాపతి గారు దిగారు. ముక్కుకి గుడ్డ కట్టుకుని ఉన్నారు. వెనక ఇద్దరు కానిస్టేబుళ్ళు, ఒక పెద్ద తాళం.

"ఇరవై మంది రోగులు," అన్నారు ఆయన. "ఇరవై మందీ తమ బాధని ఒకే మాటల్లో, ఒక్క అక్షరం తేడా లేకుండా వర్ణించారు. నా సర్వీసులో ఇంత స్పష్టమైన అంటువ్యాధిని చూడలేదు. మొదటి రోగి ఎవరు?"

సూర్యప్రకాశం గారు గోడ వంక చూపించారు.

డాక్టరు గారు చట్రం దగ్గరికి వెళ్ళి తేదీ చూసి రెండడుగులు వెనక్కి వేశారు. "ముప్ఫై రెండేళ్ళుగానా?" అన్నారు. ఆ గోడకి బ్లీచింగు చల్లించారు.

అందరి నోళ్ళలోనూ థర్మామీటరు పెట్టారు. ఎవరికీ జ్వరం లేదు.

"చూశారా అండి, మాకేం లేదండి, నన్నొదిలెయ్యండి, ఆరింటికి బస్సుందండి," అంది రాణి. సంచి చంకలో ఉంది.

"థర్మామీటరు ఒక సాధనం మాత్రమే అమ్మా. పొరపడవచ్చు. మీరు రాతపూర్వకంగా, మీ అధికారి సంతకంతో, జ్వరం ఉందని ఒప్పుకున్నారు. రాతని గాజు గొట్టం కొట్టెయ్యలేదు. పది రోజులు ఎవరూ కదలడానికి వీల్లేదు."

తాళం పడింది. ఆరింటి బస్సు మా గేటు ముందు నుంచే వెళ్ళింది. హారను కూడా కొట్టింది.

మంగళవారం పొద్దున్న పల్లయ్య రికార్డు రూములోకి వచ్చి గొంతు తగ్గించాడు.

"రాణమ్మగారూ, ఎనకాల కాలవ లేదేటండీ. నా పడవ కట్టే ఉంది. లాకులు దాటించేత్తే అవతల బస్సు దొరుకుద్ది."

నేను మట్టాల పుస్తకం తీసి చూశాను. మా కాలవలో ఆ రోజు నీళ్ళు ఐదున్నర అడుగులు. నిన్నా ఐదున్నరే. ఆగస్టు నుంచీ ఐదున్నరే. ధైర్యం వచ్చి సంచి పల్లయ్యకి అందించాను. వెనక గోడ తలుపు తీసుకుని మెట్లు దిగాం. కాలవలో మోకాలి లోతు బురద, అందులో నాలుగు కొంగలు నుంచుని ఉన్నాయి. పడవ పది గజాలు జరిగి ఆగిపోయింది. కానిస్టేబుల్ తాడు వేసి వెనక్కి లాగాడు.

"ఐదున్నరడుగులని రాత్తన్నారు కదేటి!" అన్నాడు పల్లయ్య నా మీద ఎగిరి.

"నువ్వు చెబితేనే కదా రాసేది!"

"నే సెప్పేదేటి? మొన్నేం రాసారో అదే సెప్పమంటారు మీరు!"

ఎర్ర పెన్సిలు దేని మీద పెట్టారో ఆ బురదలో నాకు అర్థమైంది. ఇంజనీరు గారికి చెప్పాను.

"అది వేరే ఫైలు," అన్నారు ఆయన.

బుధవారం రాణి డాక్టరు గారిని గేటు ఊచల్లోంచి బతిమాలింది. ఆయన మరీ చెడ్డవాడు కాదు. తల గోక్కుని ఆలోచించారు.

"జ్వరం ఉందని రాసి ఇచ్చారు కాబట్టి లేదని కూడా రాసి ఇవ్వండి. మీ కార్యాలయం ఆమోదించిన ఇంగ్లీషులో. మొదటి రాతని రెండో రాత కొట్టేస్తుంది. ఆ నిమిషమే వదిలేస్తాను."

రాణి పరిగెత్తుకెళ్ళి చీటీ కొట్టింది. గోడ మీది వాక్యమే. మధ్యలో ఒక్క 'నాట్' చేర్చింది, అంతే. ఇంజనీరు గారూ, సూర్యప్రకాశం గారూ కళ్ళు మూసుకున్నారు. ఆమె చదివింది.

"మరొకసారి," అన్నారు ఇంజనీరు గారు.

మళ్ళీ చదివింది.

"తప్పు కాదండి," అన్నారు సూర్యప్రకాశం గారు, ఆమె మొహం చూడలేక గోడకి తిరిగి. "కాకపోతే ఆ 'నాట్' దగ్గర ఎడ్లబండి రాయెక్కినట్టు ఉందండి."

"ముప్ఫై రెండేళ్ళలో ఈ కార్యాలయమున జ్వరము లేదని వ్రాసినవారు లేరు," అన్నారు ఇంజనీరు గారు. "అయినను నాకు అభ్యంతరము లేదు. అమ్మాయి కష్టము చూచుచున్నాను. నేనేమి రాయినా? కాని సంఘమునకు ముగ్గురుండవలెను. సత్తిరాజు ఏడి?"

సత్తిరాజు గారు జ్వరంతో తిరుపతిలో ఉన్నారు.

గురువారం మధ్యాహ్నం ఆయన వచ్చారు, గుండుతో, లడ్డూ పొట్లంతో. కానిస్టేబుల్ లోపలికి రానివ్వలేదు. రోగుల మధ్యకి ఆరోగ్యవంతుణ్ణి పంపకూడదట. అసలు ఈయన రోగేనయ్యా, చీటీ ఉంది, అన్నాం. అయితే రోగి వీధిలో తిరగకూడదని జీపెక్కించబోయాడు. గట్టిగా అరిచి ఆపాం. చివరికి రాణి వరండా మీద నుంచి చదివేటట్టు, ఆయన గేటు అవతల నుంచుని వినేటట్టు ఒప్పందం కుదిరింది.

రాణి గొంతు చించుకుని చదివింది. "ఐ యామ్ నాట్ సఫరింగ్ ఫ్రం ఫీవర్!" రోడ్డు మీద పోయేవాళ్ళు ఆగి చూశారు.

"దివ్యంగా ఉందమ్మా!" అని అరిచారు సత్తిరాజు గారు. "ఒప్పు! వినడానికీ ఒప్పు!"

మేమంతా చప్పట్లు కొట్టాం. నేను సంచి తెచ్చి ఆమె భుజానికి తగిలించాను. ఆసారి అందులోంచి ఏమీ తియ్యలేదు.

ఇంజనీరు గారు కలం మూత తీసి ఆగారు.

"అప్పుడు లారీ ఒకటి పోయినది," అన్నారు. "వాక్యము మధ్యన. సత్తిరాజు విన్నది వాక్యమో, లారీయో? పైగా గేటు అవతల విన్నది వీధి శ్రవణమగును గాని కార్యాలయ శ్రవణము కానేరదు. రేపు హైదరాబాదు వారడిగిన నేనేమి చెప్పుకొందును?"

కలం మూత పెట్టేశారు.

రాణి వరండా మెట్లు దిగింది. గేటు దగ్గరికి నడిచి వెళ్ళి ఊచలు పట్టుకుంది.

"సత్తిరాజు గారూ, మీరు బయటే ఉన్నారు కదండీ. సాయంత్రం బస్సుకి విశాఖ వెళ్తారా? మా అన్నకి ఒక మాట చెప్పాలండి."

"చెప్పమ్మా, తప్పకుండా వెళ్తాను. ఏమని చెప్పను?"

ఆమె నోరు తెరిచింది. గేటు అవతల ఇద్దరు కానిస్టేబుళ్ళు, లడ్డూ పొట్లం, ఆగి చూస్తున్న పదిమంది. వెనక మేమందరం. సూర్యప్రకాశం గారు కూడా అలవాటుగా కుడి చెవి ఇటు తిప్పారు.

"ఏం లేదండి," అంది రాణి. "నేను బాగున్నానని చెప్పండి."

సత్తిరాజు గారు వెళ్ళలేదు. బస్సు స్టాండు దాకా వెళ్ళారట. సెలవు నిన్నటితో అయిపోయిందని, మళ్ళీ వెళ్ళాలంటే ఇంకో జ్వరం రాయాలని గుర్తొచ్చి తిరిగి వచ్చేశారట.

రాణి ఆ సాయంత్రం సంచి తెచ్చి బెంచీ మీద పెట్టి, బీరువాకి చేరగిలబడి కూచుంది. వాళ్ళమ్మ చెప్పిన మాట నాకు చెప్పింది. అది ఆమె అన్న కోసం దాచిన మాట, నేనిక్కడ రాయను.

తాళం ఇరవయ్యో తేదీన తీశారు. పది రోజుల్లో ఒక్క ప్రాణం కూడా పోకుండా వ్యాధిని అదుపు చేసినందుకు డాక్టరు గారికి ప్రశంసా పత్రం వచ్చింది. ఆంగ్ల శ్రవణ సంఘానికి మరో ఇద్దరు సభ్యులనీ, గాలి చొరని గదినీ మంజూరు చేశారు. కాలవ మట్టం ఐదున్నర అడుగులే ఉంది.

సంక్రాంతి వెళ్ళిన రెండో వారంలో రాణి బల్ల మీదికి ఒక కవరు వచ్చింది. నేనే తెచ్చి ఇచ్చాను.

"సూచిక: మీ 3-10-83 నాటి సెలవు చీటీ. సదరు చీటీని గాలి చొరని గదిలో అయిదుగురు సభ్యులు మూడు పర్యాయములు వినియుండిరి. వాక్యములలో తప్పు లేదని, వినుటకు మాత్రమే తప్పుగా తోచినదని, అట్టి తప్పు ఇకపై మన్నించదగినదని ఏకగ్రీవముగా తీర్మానించడమైనది. కావున మీ సోదరుని కలిసికొనుటకు అక్టోబరు 11 నుండి 14 వరకు సెలవు మంజూరు చేయడమైనది. సదరు సెలవును వినియోగించుకొన్నదీ లేనిదీ వారము లోపల తెలుపవలెను."

జవాబు టైపు చెయ్యడానికి ఆమె కాగితం ఎక్కించింది. సాయంత్రం దాకా అది ఖాళీగానే ఉంది. నేను దీపాలు ఆర్పేటప్పుడు తీసి మడిచి నా దగ్గర పెట్టుకున్నాను.

ఓడ అక్టోబరు పద్నాలుగు, శుక్రవారం పొద్దున్న ఆరు గంటలకి విశాఖ రేవు నుంచి కదిలింది. నవంబరు తొమ్మిది, బుధవారం నాడు తుపానులో మునిగింది. దావీదు తిరిగి రాలేదు.